బూట్లు విప్పి ఎక్కిన పడవ

"నిజానికి ఆ పడవ ఎక్కాలని నాకేం లేదు," అన్నాడు ఎవాల్డ్. "వాళ్లే ఎక్కించారు."

జనవరి చివరి ఆదివారం, మా పడవల క్లబ్బు గది. కిటికీ బయట రైన్ నది మట్టిరంగులో నిండుగా పోతోంది. రేవు ఖాళీ. పడవలన్నీ ఒడ్డున చెక్క దిమ్మల మీద, టార్పాలిన్లు కప్పుకుని ఉన్నాయి. ఏప్రిల్లో ఒక్కరోజుకు పెద్ద క్రేను అద్దెకు వస్తుంది. ఒక్కో పడవనూ ఎత్తి నీళ్లలో పెట్టి పోతుంది. ఏవి దిగుతాయో ఈ ఆదివారం పన్నెండు లోపు చెప్పేయాలి. రేవు బాధ్యత చూసే ఇర్మా గోడమీది నల్లబల్ల పక్కన సుద్దముక్కతో నిలబడి ఉంది. అన్ని పడవల పేర్లూ ఎక్కాయి, ఎవాల్డ్ పడవ 'లోటె' తప్ప.

మా క్లబ్బులో పాత నియమం ఒకటుంది. వరసగా మూడు వేసవులు నీళ్లు తాకని పడవకు రేవులో చోటుండదు. లోటె ఇప్పటికే రెండు వేసవులు ఒడ్డున గడిపింది. విల్లో చెట్టు కింద ఉన్న దాని చోటు కోసం క్రేఫెల్డ్ నుంచి ఒక పళ్ల డాక్టరు ఇర్మాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు.

"క్రేను సంగతి చెప్పు ఎవాల్డ్," అంది ఇర్మా. "ప్రొపెల్లర్ షాఫ్టుకు రబ్బరు సీలు పోయిందన్నావు. అది కొనడానికే డ్యుసెల్‌డోర్ఫ్ పడవల ప్రదర్శనకు వెళ్తున్నానన్నావు. వెళ్లొచ్చావు. లోటె దిగుతోందా, లేదా?"

"చెప్తాను. ఇంకా పన్నెండు కాలేదుగా. ముందు ఇది విను."

ఎవాల్డ్ ఊళ్లో సగం ఇళ్లకు నేల టైల్స్ వేసి రిటైరైన మనిషి. ఒళ్లు పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. కిందటి అక్టోబరు నుంచి కుర్చీలో కొయ్యబారినట్టు నిటారుగా కూర్చుంటున్నాడు, కాళ్లు బల్ల కింద బారజాపి. 'బిషప్పుగారి ఠీవి' అని వెక్కిరిస్తాడు యుప్. యుప్ నదిమీద సరుకుల పడవ నడిపి మానేసినవాడు. పక్కన ఓట్‌మార్, మందుల షాపు యజమాని, దేనికైనా కొలత అడిగే రకం. ఎవాల్డ్ భార్య హెడ్విగ్ గది చివర వంటబల్ల దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. మా వైపు అలవాటు ప్రకారం రొట్టెల మీద పచ్చి కీమా పూసి, పైన ఉల్లిపాయ చల్లి అందరికీ పెట్టడం ఈ వారం ఆమె వంతు. భర్త కథ మొదలుపెట్టాడంటే ఆమె ఏదో ఒక పని పెట్టుకుంటుంది.

"సీలు కొనడానికే వెళ్లాను, కాదన్నానా? కానీ ఆ సీళ్లమ్మే దుకాణానికి పోవాలంటే పెద్ద యాట్‌లు పెట్టిన హాలు దాటి పోవాలి. సరే దాటుతున్నాను, నా మానాన నేను పోతున్నాను. అక్కడ ఒకటుంది, ఇటలీది, కొత్త మోటారు యాట్, ముప్పై మీటర్లు, తెల్లగా, మూడంతస్తుల ఇల్లంత. నేను మెట్ల దగ్గర ఆగి పైకి చూశాను. అంతే, చూశాను. జనవరిలో తెల్లప్యాంటు వేసుకున్న కుర్రాడొకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు."

"పొమ్మనడానికి," అన్నాడు యుప్.

"రమ్మనడానికి. ముందే ఫోన్ చేసి సమయం తీసుకున్నవాళ్లనే ఎక్కిస్తారు అక్కడ, తెలుసుగా. నేను తీసుకోలేదని చెప్పాను కూడా. 'అయ్యా, మీరు చూసిన చూపులోనే తెలిసింది, మీకు పడవలు తెలుసు, దయచేసి పైకి రండి' అన్నాడు. ఒక మనిషి అంతగా అడిగితే ఏం చేస్తాం?"

"బూట్లు విప్పించారా?" అన్నాడు ఓట్‌మార్.

"విప్పించరా మరి? ఆ డెక్కు మీద గీత పడితే కోటి యూరోల పడవ పాతదైపోదూ? మెట్ల దగ్గర పెద్ద బుట్ట, అందులో అందరి బూట్లూ. మహారాజైనా మేజోళ్లతో ఎక్కాల్సిందే. నా పక్కన నార్వే ఆయనొకడు, ఓడలున్న మనిషి, పదకొండు ఓడలు. పాపం, మేజోడుకు చిరుగు, బొటనవేలు బయటికొచ్చింది. నావి చూశాడు. హెడ్విగ్ అల్లిన బూడిదరంగువి. చూసి వేలు లోపలికి ముడుచుకున్నాడు. తర్వాత అంతా ఒక కాలి మీద గెంతుతూనే తిరిగాడు."

ఇర్మా హెడ్విగ్ వైపు చూసింది. హెడ్విగ్ ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.

"సరే, లోపలికి పోయాం. సోఫాలూ అద్దాలూ నాకెందుకు, నేను బాత్రూమ్ చూపించమన్నాను. బాత్రూమ్ అంటే ఈ గదంత. గోడలూ నేలా పాలరాయి. గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూశాను. 'ఎడమ మూల నుంచి మూడో రాయి అర మిల్లీమీటరు లేచింది' అన్నాను. కుర్రాడు నవ్వాడు. వాళ్ల ఇంజనీరు రసమట్టం తెచ్చి పెట్టాడు. పెట్టి తీసి మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అర మిల్లీమీటరు లేచింది," అన్నాడు యుప్.

"ఇంజనీరు తొట్టి అంచున కూలబడి ఏడ్చాడు. ఆరు నెలలుగా ఆ యాట్ ఎడమవైపుకు వాలుతోందిట. బరువులు మార్చారు, ట్యాంకులు మార్చారు, డిజైన్ గీసినవాడినే మార్చారు. కారణం దొరకలేదు. ఈ రాయి. నేను వంగి..." ఇక్కడ ఎవాల్డ్ ఒక్క క్షణం ఆగి కాఫీ గుక్క మింగాడు. "వంగి, పిడికిలితో ఒక్కటి గుద్దాను. రాయి కూర్చుంది. యాట్ నిట్టూర్చి నిటారుగా నిలబడింది."

"ఆగు," అన్నాడు ఓట్‌మార్. "హాల్లో పడవ ఇనప స్టాండు మీద కదా ఉంటుంది. స్టాండు మీదున్న పడవ ఎటు వాలుతుంది?"

"అదే వాళ్లకూ అర్థం కాలేదు. నువ్వూ ఇంజనీరువి కావలసింది, ఓట్‌మార్."

యుప్ బల్ల చరిచాడు. ఇర్మా గడియారం చూసింది.

"సీలు కొన్నావా అసలు?" అంది.

"దానికే వస్తున్నా. నార్వే ఆయన ఇదంతా చూశాడు. 'ఇంజను చప్పుడు వినాలి, బాగుంటే ఇప్పుడే కొంటాను' అన్నాడు. హాల్లో ఇంజను వేయకూడదని కుర్రాడు నసిగాడు. నేను వాడి మొహం చూసి కనిపెట్టేశాను, వేయకూడదని కాదు, అది స్టార్టవదు. కిందికి దిగాను. ఇంజను గది అంటే మన చర్చి అనుకోండి, పాటలు పాడేవాళ్లకు పైన చోటు కూడా ఉంది. చెవి పెట్టి విన్నాను."

"ఆగిన ఇంజన్ని విన్నావా?"

"నడిచే ఇంజన్ని ఎవడైనా వింటాడు. విన్నాను, జేబులోంచి హెడ్విగ్ జడపిన్ను తీశాను, ఒక చోట పెట్టాను, ఎక్కడో చెప్పను. రెండు ఇంజన్లూ ఒక్కసారి లేచాయి."

"హెడ్విగ్ జుట్టు కత్తిరించుకుని ఇరవై ఏళ్లయింది," అన్నాడు యుప్.

"పాత పిన్నులే గట్టివి. ఇప్పుడు వినండి. ప్రొపెల్లర్లు గాల్లో ఉన్నాయి కదా, నీళ్లు లేవు కదా, గాలినే పట్టుకుని తిప్పాయి. అన్ని దేశాల జెండాలూ ఊడి ఇటలీ జెండా పక్కన వరసగా నిలబడ్డాయి. హాలు వెనక తలుపులు, లారీలు వచ్చేవి, అవి తెరుచుకున్నాయి. బయట ఎంత మంచు పడి ఉందో తెలుసుగా గురువారం? డ్యుసెల్‌డోర్ఫ్ మంచంతా లోపలికి వచ్చేసింది. ఇంజన్ల వేడికి కరిగింది. ఒక హాలు నిండి పక్క హాల్లోకి, అది నిండి దాని పక్క హాల్లోకి."

"ఎంత లోతు?" అన్నాడు ఓట్‌మార్.

"నీకు మెడ దాకా. నాకు నడుము దాకా. సాసేజీల దుకాణం తేలింది. అమ్మేవాడు తేలుతూనే అమ్ముతున్నాడు. కొనేవాళ్లు ఈదుకుంటూ వరసలో నిలబడ్డారు, ఒక్కడు కూడా ముందుకు తోసుకుని రాలేదు. ఆవముద్ద కావాలా అని కూడా అడుగుతున్నాడు వాడు. మన దేశం మీద నాకు గౌరవం అక్కడే పెరిగింది."

"పదకొండున్నర," అంది ఇర్మా.

"పడవలన్నీ స్టాండ్ల మీంచి లేచాయి. చిన్నవీ పెద్దవీ, రబ్బరు పడవలూ, అన్నీ. జనం కొట్టుకోవడం మొదలుపెట్టారు, ఏది ఎవరిదని. ఎవరో ఒకరు దారి చూపించాలి కదా. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. నలభై మీటర్ల యాట్..."

"ఇందాక ముప్పై అన్నావు."

"నీళ్లలో నానితే ఉబ్బదా ఓట్‌మార్?"

"అది చెక్క కాదు. ప్లాస్టిక్."

"ఇటలీ ప్లాస్టిక్," అన్నాడు ఎవాల్డ్, చర్చ అక్కడితో ముగిసినట్టు. "లారీల తలుపులోంచి బయటికి తీశాను, అటు చెయ్యి దూరదు, ఇటు చెయ్యి దూరదు, రంగు కూడా గీసుకోలేదు. పొలాల మీదుగా రైన్‌లోకి. అక్కడ నీళ్లు ఇంకా దొరికాయి కదా, ఇంకా ఉబ్బింది. వెజెల్ వంతెన దగ్గర నేను ముందు నిలబడి హారన్ కొడుతుంటే వెనక భాగం ఇంకా హాల్లోనే ఉంది, జనం ఎక్కుతూనే ఉన్నారు, బూట్లు బుట్టలో వేసి. నార్వే ఆయన ఫోన్ చేసి వెనకవాళ్లని వాతావరణం అడిగాడు. అక్కడ మంచు కురుస్తోందిట. మాకు ఎండ. వంతెన కాస్త పైకి లేచి దారిచ్చింది."

"వంతెన?"

"మర్యాదగా. సాయంత్రం నాలుగింటికి ఇదిగో, ఈ కిటికీ ముందు నుంచే పోయాను. మీరంతా ఫుట్‌బాల్ చూస్తూ కూర్చున్నారు. నేను చెయ్యి ఊపాను. ఒక్కరైనా తలెత్తి చూశారా?"

"గురువారం సాయంత్రం నీళ్లు కాస్త పెరిగిన మాట నిజమే," అన్నాడు యుప్ సాలోచనగా.

"చూశావా? సాక్ష్యం. రోటర్‌డామ్ దాటాం, సముద్రం. ఆ అలల సంగతి చెప్తే నమ్మరు, అందుకే చెప్పను. కానీ బాత్రూమ్‌లో పాలరాయి ఒక్కటి కదల్లేదు. ఇంగ్లండ్ పక్కనుంచి పోతుంటే వాళ్లు కొత్త దీవి పుట్టిందనుకుని మ్యాపులో గీసుకున్నారు. మేం వెనక్కి తిరిగాం, చెరుపుకున్నారు. ఆరింటికి ప్రదర్శన మూసేస్తారు కదా, దాని లోపల తెచ్చి అదే స్టాండు మీద పెట్టేశాను. ఊడ్చేవాళ్లు నేల తుడుస్తున్నారు. నార్వే ఆయన అక్కడే కొనేశాడు. కొని ఏమన్నాడో తెలుసా? 'ఎవాల్డ్, ఇక జన్మంతా నువ్వే దీని కెప్టెన్‌వి' అన్నాడు. నేను కుదరదన్నాను."

"ఎందుకు?" అన్నాడు యుప్. ఈసారి వెక్కిరింత లేకుండానే అడిగాడు.

"నా చోటు విల్లో చెట్టు కిందుంది. ఈ పడవ అక్కడ పట్టదు, కొమ్మలు తగులుతాయి. ఇంత చెప్పి మెట్లు దిగాను. బుట్టలోంచి నా బూట్లు నార్వే ఆయనే స్వయంగా తీసి ఇచ్చాడు. వేసుకున్నాను, రైలెక్కాను, ఇంటికొచ్చాను. ఇంకొకడైతే దీన్ని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు."

"ఆ చోటు సంగతే నేనూ అడుగుతున్నది," అంది ఇర్మా.

హెడ్విగ్ కత్తి పక్కన పెట్టింది.

"లేసులు ఎవరు కట్టారు?" అంది.

"ఏ లేసులు?"

"నీ బూట్లవి. ఆ నార్వే ఆయన బూట్లిచ్చాడు, నువ్వు వేసుకున్నావు. లేసులు ఎవరు కట్టారు?"

"నేనే. ఇంకెవరు కడతారు?"

హెడ్విగ్ చేతులు గుడ్డకు తుడుచుకుంది. మిగతావాళ్ల వైపు తిరిగి, ఉల్లిపాయల ధర చెప్తున్నట్టు చెప్పింది. "అక్టోబరు నుంచి ఈయన నడుం వంగదు. ఇన్నేళ్లు మోకాళ్ల మీద పాకుతూ టైల్స్ వేస్తే ఏమవుతుంది మరి? పొద్దున లేసులు కట్టేదాన్ని నేను, రాత్రి విప్పేదాన్ని నేను. నా ముడి వేరుగా ఉంటుంది. మా నాన్న సరుకుల పడవ మీద కట్టిన ముడి. కట్టి కొసలు లోపలికి తోసేస్తాను. గురువారం పొద్దున అలాగే కట్టి పంపాను. తిరిగొచ్చినప్పుడు అదే ముడి, కొసలు లోపలే ఉన్నాయి. మంచుకు తడిసి బిగుసుకుపోయి ఉంటే ఫోర్కు పెట్టి విప్పాను. ఈయన ఆ హాల్లో బూట్లు విప్పలేదు. విప్పకుండా ఏ పడవా ఎక్కనివ్వరు."

ఎవరూ వంగి చూడాల్సిన పని లేకపోయింది. బారజాపిన కాళ్లు బల్ల అవతలికి వచ్చే ఉన్నాయి. రెండు బూట్ల మీదా చిన్న గట్టి ముడులు, కొసలు కనిపించకుండా.

యుప్ నవ్వడం మొదలుపెట్టాడు. సగంలో మానేశాడు.

"ఆ ముడి సంగతి మీకు చెప్పలేదు కదూ," అన్నాడు ఎవాల్డ్. "అది విప్పడానికి ఇటలీ నావికులు ఆరుగురు వచ్చి కూర్చున్నారు. కెప్టెన్ కూడా వచ్చాడు, మేకుతో. అయినా ముడి ఊడి రాలేదు. చివరికి నా ఒక్కడి బూట్లకు పట్టుసంచులు కుట్టించి... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఓట్‌మార్ తన కాఫీ కప్పులోకి చూసుకుంటున్నాడు.

"మెట్ల పక్కన బెంచీ ఉంటుంది," అన్నాడు ఎవాల్డ్. గొంతు మామూలు మనిషి గొంతంత అయింది. "బూట్లు విప్పుకోవడానికి. అక్కడ కూర్చున్నాను. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ. పక్కవాణ్ణి అడగాలి, కాస్త విప్పమని, మళ్లీ కట్టమని. తెల్లప్యాంటువాడు మూడుసార్లు వచ్చి ఏమన్నా కావాలా అన్నాడు. మంచివాడే. ఎవరికోసమో చూస్తున్నానని చెప్పాను."

"పన్నెండుకు ఐదు నిమిషాలుంది," అంది ఇర్మా. ఆమెకు ఇంకోలా అడగడం రాదు. "లోటె పేరు ఎక్కాలా, వద్దా?"

"వద్దు. రాయకు. ఆ పళ్ల డాక్టరుకే ఇచ్చెయ్యి. నిచ్చెన ఎక్కలేను. రేవులో తాడు పడితే అందుకోలేను. నొప్పి రెండు వేసవుల క్రితమే మొదలైంది, సీలు పోయిందని చెప్పుకుంటూ వచ్చాను. అప్పుడది పోలేదు కూడా. ఇప్పుడు నిజంగానే పోయింది."

"రాయి ఇర్మా," అంది హెడ్విగ్.

"నువ్వూరుకో."

"నువ్వు మాట్లాడింది చాలు, పొద్దున్నుంచీ నువ్వే మాట్లాడుతున్నావు. రాయి. నిచ్చెన నేనెక్కుతాను. తాడు నేను కడతాను. రోజూ రెండు ముడులు కట్టేదాన్ని ఇంకో రెండు కట్టలేనా? ఆ చెట్టు కింద మా సాయంత్రాలు ఒక పళ్ల డాక్టరుకిచ్చి నేను ఇంట్లో కూర్చుని ఈయన యాట్ గురించి వినాలా?"

"స్టీరింగ్ ఎవరు పడతారు?" అన్నాడు ఓట్‌మార్.

"ఈయనే. కూర్చుని తిప్పేదేగా అది. నోరు ఖాళీగానే ఉంటుంది, కథ చెప్పుకుంటూ తిప్పుతాడు."

"పైకెక్కించేదెలా?"

"యుప్ ఒకవైపు, నువ్వొకవైపు. ఇప్పుడు తెలిసింది కదా మీకు, ఇక దాచేదేముంది?"

యుప్ తన చేతులు చూసుకుని, సరేనన్నట్టు తలాడించాడు. ఇర్మా నల్లబల్ల వైపు తిరిగింది, కానీ సుద్ద పెట్టలేదు. "ఎవాల్డ్ చెప్పాలి," అంది. "పడవ ఆయన పేరున ఉంది."

ఎవాల్డ్ కిటికీ బయట టార్పాలిన్ల వరసను చూశాడు. తర్వాత కోటు లోపలి జేబులో వెతికి, అరచేతిలో పట్టేంత చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఓట్‌మార్ అందుకుని విప్పాడు. లోపల నల్లటి రబ్బరు సీలు, కొత్తది. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి, లోటె షాఫ్టు ఎంత లావో గుర్తు తెచ్చుకుంటూ వేలితో కొలిచాడు.

"సరిపోతుంది," అన్నాడు.

"సరిపోతుంది మరి," అన్నాడు ఎవాల్డ్. "ఇంత దూరం పోయి సరిపోనిది తెస్తానా? రాయి ఇర్మా."

ఇర్మా లోటె పేరు రాసింది. హెడ్విగ్ రొట్టెల పళ్లెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, వంగి, భర్త కుడికాలి ముడి వదులైందేమో వేలితో నొక్కి చూసి, లేచింది.

"ఏప్రిల్ దాకా ఆగలేక మళ్లీ ఏదో హాలుకు పోతానంటావేమో," అంది. "ముందే చెప్తున్నా. మన పడవ ఎక్కడానికి బూట్లు విప్పక్కర్లేదు."